తప్పిపోయినవి, దొరికినవి

మా రేడియోలో వార్తలు చెప్పకూడదు. ఈ మాట కొన్నేళ్లుగా చెబుతూనే ఉన్నాను, వినేవాళ్లకు మాత్రం ఎక్కడం లేదు. మైకు ఉన్నాక వార్తలు ఎందుకు చెప్పరని అడుగుతారు. ఊళ్లవాళ్లు తమకోసం నడుపుకునే చిన్న రేడియో మాది. మదనపల్లెకు కాస్త బయట ఒక పాత మిద్దె, దాని మీద స్తంభం, కింద రెండు గదులు. పంట గురించి చెప్పవచ్చు, పాడి గురించి చెప్పవచ్చు, పిల్లలకు విరేచనాలైతే ఏం తాగించాలో చెప్పవచ్చు. రాజకీయం మాత్రం ఎత్తకూడదు. లైసెన్సు ఇచ్చేటప్పుడే ఆ షరతు పెట్టారు.

సిగ్నల్ నిమ్మనపల్లె వైపు పల్లెల దాకా శుభ్రంగా పోతుంది. పుంగనూరు దారిలో సగం దాటకముందే గరగరమని చచ్చిపోతుంది. నేనుండేది పుంగనూరులో. రోజూ బస్సెక్కి పోయి మాట్లాడి వస్తాను గాని, నా గొంతు మా ఇంటికి చేరదు. అది తన పూర్వజన్మ పుణ్యమని మా ఆయన అంటాడు.

మా దగ్గర అందరూ చెవులు రిక్కించి వినేది మధ్యాహ్నం వచ్చే ‘తప్పిపోయినవి, దొరికినవి’. ఎవరి మేకో మందలో నుంచి తప్పిపోతుంది, ఎవరి ఆవో తాడు తెంపుకుంటుంది. వాళ్లు ఫోన్ చేసి గుర్తులు చెబుతారు. రంగు, కొమ్ములు, చెవి మీద గాటు, మెడలో గంట ఉందా లేదా. నేను అవి చదువుతాను. ఎక్కడో ఒక పల్లెలో ఒకాయన విని, తన కల్లంలో నిలబడి ఉన్న కొత్త ఆవును చూసి, కట్టేసి, మాకు ఫోన్ చేస్తాడు. పెళ్లికొచ్చి ఎవరి చెప్పులో వేసుకుపోయిన పెద్దమనిషి కూడా ఒకసారి ఈ కార్యక్రమం విని తిరిగి తెచ్చిచ్చాడు. మొహం మాత్రం చూపించలేదు, మా గడప ముందు విడిచిపెట్టి పోయాడు.

ఒక అవ్వ నాకు పరిచయమైంది ఇలాగే. నిమ్మనపల్లె దారిలో, పెద్ద ఊరికి దూరంగా ఉన్న ఒక చిన్న పల్లె ఆమెది. మొగుడు పోయాడు, ఒక్కగానొక్క కూతురు కుప్పంలో కాపురముంది. అవ్వకు మిగిలింది ఒక సీమావు. అది తప్పిపోతే మేం చెప్పాం, వంక అవతలి ఊళ్లో దొరికింది. ఆ తర్వాత అవ్వ ఒక చిన్న రేడియో కొనుక్కుని కొట్టంలో గుంజకు తగిలించింది. సాయంత్రం పాలు పితికే వేళకు నా కార్యక్రమం మొదలయ్యేది. “నమస్కారమప్పా, నమస్కారమమ్మా” అని నేను మొదలుపెడతాను. ఆ మాట వినపడితే తప్ప ఆవు పాలు చేపడం లేదని అవ్వ ఫోన్ చేసి చెప్పింది.

“నువ్వు ఒగరోజు రాకుంటే నా చెంబు ఖాళీ పాపా” అనేది.

నా జీవితంలో నాకు దక్కిన పెద్ద సన్మానం అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ వేసవిలో ఎన్నికలు వచ్చాయి. ఢిల్లీకి ఎవరిని పంపాలో, రాష్ట్రానికి ఎవరు కావాలో రెండూ ఒకే రోజు తేల్చాలి. పుంగనూరు బస్టాండు దగ్గర నేను టీ తాగే అంగట్లో టీవీ ఉంది. అంగడాయన రిమోటును లుంగీ మడతలో దోపుకుని, లోపలికొచ్చిన మనిషిని చూసి చానెల్ మార్చేవాడు. ఎవరికి ఏ చానెల్ కావాలో ఆయనకు నోటికి వచ్చు. ఒక చానెల్లో సభకు ఇసుక వేస్తే రాలనంత జనం, ఇంకో చానెల్లో అదే సభలో అన్నీ ఖాళీ కుర్చీలు. ఎదురెదురు పార్టీల మనుషులిద్దరు ఒకేసారి వస్తే మాత్రం ఆయన గబుక్కున భక్తి పాటలు పెట్టేవాడు.

“నువ్వు ఏది నమ్ముతావప్పా?” అని అడిగాను.

“రెండూ అబద్ధమే అనుకుంటే నిద్ర పడతాది మా. అయినా మీది ఎవురి రేడియో?”

“ఎవరిదీ కాదు.”

“ఎవురిదీ కానిది యాడుండాది మా ఈ కాలంలో” అని నవ్వి, గ్లాసు కడగడానికి పోయాడు.

పల్లెల్లో మాత్రం మమ్మల్ని నమ్మేవాళ్లు. టీవీని తిట్టి, పేపరును తిట్టి, ఫోన్లో వచ్చేదంతా బూటకమని తేల్చి, “రేడియోలో ఆయమ్మ చెప్తే నిజం” అనేవాళ్లు. మొదట్లో నాకు గర్వంగా ఉండేది. తర్వాత కూర్చుని ఆలోచిస్తే సంగతి అర్థమైంది. అబద్ధమాడితే ఎవరికైనా లాభం కలిగే మాట మేం ఎప్పుడూ చెప్పనేలేదు. ఆవు చెవి మీద గాటుంది అని అబద్ధం చెప్పి ఎవరు బాగుపడతారు?

ఎన్నికలప్పుడు మాకు అనుమతి ఉన్నది ఒక్కటే, ఓటు వేయండి అని చెప్పడం. అది కూడా ముందుగా రికార్డు చేసి, పైన ఉన్న అధికారికి వినిపించి, ఆయన సరేనన్నాకే వేయాలి. అందుకని నేను పల్లెలు తిరిగి జనాల మాటలు రికార్డు చేసుకుని వచ్చి, అందులో నాయకుల పేర్లు, పార్టీల పేర్లు, గుర్తులు ఏరి పారేసేదాన్ని. బియ్యంలో రాళ్లు ఏరితే బియ్యం మిగులుతుంది. ఇక్కడ ఏరాక దగ్గులు మిగిలేవి. “ఆయప్ప ఏం చేసినాడని” అన్న మాట మాత్రం ఉంచేసేదాన్ని. ఆయప్ప ఎవరో ఎవరికి వాళ్లు అనుకోవచ్చు. అధికారి దాన్నీ తీసేయమన్నాడు.

అలా తిరుగుతూ అవ్వ దగ్గరికి పోయాను. ఓటు ఎందుకు వేస్తావవ్వా అని మైకు పెట్టాను. హక్కు, బాధ్యత, ప్రజాస్వామ్యం అని అప్పటికే చాలామంది అప్పజెప్పారు. అవ్వ ఆవు మూతికి చేలో కోసిన కసువు అందిస్తూ నింపాదిగా చెప్పింది.

“మొగుడు ఉన్నెబుడు ఆయప్ప చెప్పినోళ్లకి ఏసినా. ఆయప్ప పోయినాక అల్లుడు చెప్పినోళ్లకి ఏసినా. పోయినసారి ఆ అట్టముక్క ఎనకాల నిలబడినబుడు అనుకొంటి, ఈడ నన్ను సూసేవాళ్లు ఎవురుండారు అని. నాకు నచ్చినోళ్లకి ఏసినా. రోంత సేపు బాగుండె. ఈసారీ పోతా. మీరూ పోండమ్మా.”

అధికారి మొగుణ్ణీ అల్లుణ్ణీ తీసేయమన్నాడు. మిగిలింది కూడా చాలా బాగుంది. ఆ వేసవంతా అవ్వ గొంతు మా రేడియోలో రోజుకు చాలాసార్లు తిరిగింది. “నా ఓటుకి నేనే టాంటాం ఏసుకున్నట్టుండాది” అని ఆమె మురిసిపోయింది. అల్లుడు కుప్పంలో ఉంటాడు కాబట్టి రేడియోలో వినలేదు, ఫోన్లో విన్నాడట. ఏమీ అనలేదట.

ఈ ఫోన్లో వినడం గురించి చెప్పాలి, ఎందుకంటే జరిగిందంతా దాని వల్లే. మా సిగ్నల్ అందని చోట్ల మా పల్లెలవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. కుప్పంలో గ్రానైట్ పనికి పోయినవాళ్లు, అక్కడి నుంచి రైలెక్కి బెంగళూరు పోయినవాళ్లు. వాళ్లకోసం ఊళ్లో ఎవరో ఒకరు రేడియో పక్కన ఫోన్ పెట్టి రికార్డు చేసి, ఊరి గ్రూపులో పడేస్తారు. అవ్వ కూతురు ఆ ముక్కలన్నీ దాచుకునేది. గాలికుంటుకు ఏం మందు చెప్పారు, చెనక్కాయ పంటకు ఎప్పుడు తడి పెట్టమన్నారు అని ఊళ్లో ఎవరైనా గ్రూపులో అడిగితే, కుప్పం నుంచి ఆమె వెతికి పంపేది. పుట్టింటికి ఆమె చేయగలిగిన సాయం అది. మా స్టేషన్లో చెరిగిపోయిన మాటలు కూడా ఆమె ఫోన్లో బతికి ఉండేవి.

రేడియోలో మేం తారీఖు చెప్పం. ఈరోజు అంటాం, రేపు అంటాం. పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి గాల్లో కలిసిపోతుంది కదా, తారీఖు ఎందుకు? రేడియో పుట్టినప్పటి నుంచి అందరూ అలాగే చెబుతున్నారు.

అంతకుముందు పంచాయతీ ఎన్నికలప్పుడు, అవ్వ వాళ్లు ఓటేసే పెద్ద ఊరి బడిలో పైకప్పు పెచ్చులూడి పడ్డాయి. పోలింగును రోడ్డు మీదున్న పశువుల ఆసుపత్రికి మార్చారు. ఆ సంగతి చెప్పమని అధికారులే మమ్మల్ని కోరారు, నేనే చదివాను. “రేపటి పోలింగు బడిలో జరగదు, పశువుల ఆసుపత్రిలో జరుగుతుంది. దయచేసి అక్కడికే వెళ్లండి.” నిజమైన మాట. జనం వెళ్లారు, ఓట్లేశారు. బడికి కొత్త కప్పు పడింది, ఆ సంగతి నేనూ మరిచిపోయాను.

ఇప్పుడు ఈ పెద్ద ఎన్నికల రోజు పొద్దున్నే పుంగనూరులో నా ఓటు వేసి, సిరా వేలితో బస్సెక్కి స్టేషన్‌కు వచ్చాను. అందరికీ సెలవే, రేడియోకు సెలవు లేదు. తాళం తీసి ఫ్యాన్ వేసుకుని కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. అవ్వ పల్లె పక్కనుండే ఒక రైతు.

“రేడియోనా మా? పశువులాస్పత్రికి పొమ్మంటిరి. ఈడ బీగం ఏసుండాది. ఓట్లు రద్దయినాయంటాండారు, నిజమా?”

“మేం ఎక్కడ చెప్పామప్పా?”

“నీ గొంతే గదమ్మా. ఫోన్లో ఉండాది.”

పంపమన్నాను. పంపాడు. విన్నాను. ఎక్కడా తడబాటు లేకుండా, స్పష్టంగా, నా గొంతే. రేపు అంటోంది. పంచాయతీ ఎన్నికల నాటి రేపు. ఎంతమంది వచ్చారక్కడికి అని అడిగాను.

“వయసోళ్లు బండ్లేసుకుని బడికాడికి సూసొస్తామని పోయినారు. ముసిలోళ్లు యాడ పోతారు మా? ఆ సీమావు అవ్వ అందరికంటే ముందొచ్చి మెట్టు మీద కూసోనుండె. రద్దయిందనంగానే కాళ్లీడ్చుకుంటా ఎళ్లిపాయె.”

పోలింగు బడిలోనే ఉందని, అందరికీ చెప్పమని, ఇది పాత ముక్కని గ్రూపులో పెట్టమని ఆయన్ను బతిమాలాను. పెట్టాడు. దానికి జవాబుగా ఇంకెవరో మళ్లీ అదే ముక్క పంపి, “ఇదిగో, రేడియోలోనే చెప్పినారు” అన్నారట. నా మాట అబద్ధమని రుజువు చేయడానికి నా గొంతే సాక్ష్యం. ఇంతకంటే ఏం కావాలి?

మా స్టేషన్ నడిపేది ఒక పెద్దాయన. బడిపంతులుగా చేసి దిగిపోయిన మనిషి. మంచివాడు, భయస్తుడు. ఆయన వచ్చేసరికి నేను మైకు ముందు కూర్చుని ఉన్నాను.

“ఆ అధికారి సరేనన్నాకనే చెప్పాలమ్మా. ఎన్నికల ముక్క ఒక్కటి గూడా ఆయన వినకుండా పోకూడదు” అన్నాడు.

అధికారికి ఫోన్ చేశాం. మోగి మోగి ఆగిపోయింది. పోలింగు రోజు ఆయనకు మా రేడియో ఎక్కడ గుర్తుంటుంది? మళ్లీ చేశాం. ఆయన కింది మనిషికి చేశాం. అతను బండిలో ఉన్నానని చెప్పి పెట్టేశాడు.

“అబద్ధం ఊరంతా తిరగతా ఉండాది సార్. నిజానికి అనుమతి కావాలంటారా?” అని నాకు కోపం వచ్చింది.

“అబద్ధానికి లైసెన్సు లేదమ్మా. మనకుండాది. పోతే మనదే పోయేది.”

ఆయన చెప్పింది తప్పు కాదు. ఈ స్టేషన్ నిలబెట్టడానికి ఆయన ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాడో నాకు తెలుసు. కానీ ఎండ ముదురుతోంది, అవ్వ కొట్టంలో కూర్చుని ఉంటుంది, ఆమె గొంతేమో మా రేడియోలో అందర్నీ ఓటుకు పొమ్మని పిలుస్తోంది. ఆ రోజు వేయడానికి ముందే ఒప్పించుకున్న ముక్కల్లో ఆమెది కూడా ఉంది. నేనే మీట నొక్కాను. “ఈసారీ పోతా. మీరూ పోండమ్మా.” వినలేక హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాను.

మధ్యాహ్నం ‘తప్పిపోయినవి, దొరికినవి’ వేళయింది. ఆ రోజు ఒక మేకపోతు, ఒక జత ఎద్దుల్లో ఒకటి. రెండూ చదివాను. అద్దం అవతల పెద్దాయన కూర్చుని ఉన్నాడు, ఆయన చేతికింద నా గొంతు ఆపేసే మీట ఉంది. నేను ఆయన్ను చూడకుండా ఇంకోటి మొదలుపెట్టాను. ముందు అనుకున్నదేమీ కాదు, నోటికొచ్చింది.

“ఇంకొకటి. ఒక మాట తప్పిపోయింది. అది నాదే. గుర్తులు చెబుతాను, వినండి. నా గొంతుతో ఉంటుంది. పంచాయతీ ఎన్నికలప్పుడు పుట్టింది, ఇప్పటిది కాదు. రేపు అంటుంది, పశువుల ఆసుపత్రి అంటుంది. అది మీ ఫోన్లోకి వచ్చి ఉంటే అక్కడే కట్టేయండి, ఇంకో ఇంటికి తోలొద్దు. దాని వెనకాల మీరు పోవద్దు. మీకిచ్చిన ఓటు చీటీలో బడి అని రాసుంటే బడికే పోండి. బడి తెరిచే ఉంది.”

పెద్దాయన చేయి మీట మీదే ఉంది. కదల్లేదు. పాట పెట్టి బయటికి వస్తే, ఆయన తన స్కూటర్ తాళం చెవి నా చేతిలో పెట్టాడు.

“పోయి పిల్చకరా ఆ అవ్వని” అన్నాడు. ఆయన ఎంత భయపడుతున్నాడో ఆ గొంతులో తెలుస్తూనే ఉంది.

నిమ్మనపల్లె దారి ఎండలో నిర్మానుష్యంగా ఉంది. అవ్వ కొట్టంలో, ఆవు పక్కన నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పాదాలు వాచాయి. గుంజకు రేడియో మోగుతూనే ఉంది. అంటే నేను చెప్పింది విన్నది.

“అవ్వా, బడిలో జరుగుతోంది. రా, బండి మీద తీసుకుపోతాను. ఇంకా టైముంది.”

ఆమె నన్ను చూసింది గాని లేవలేదు.

“పొద్దున పక్కింటోళ్ల ఫోన్లో పశువులాస్పత్రి అనింది నువ్వే. ఇబుడు బడి అనేదీ నువ్వే. నేనేమన్నా బొంగరమా పాపా?”

అది పాతది అని, ఎవరో తెలియక పంపారని, తారీఖు లేదని నేను వివరించాను. నాకే విసుగొచ్చేటంత వివరించాను. ఆమె ఓపిగ్గా విన్నది.

“నీ చీటీలో రాసుంది కదవ్వా, చూసుకోకపోయావా” అన్నాను చివరికి.

“చీటీ నాకు సదవను రాదు. నీ గొంతు వస్తాది. దాన్ని నమ్మి పోయినా. ఆడ కూసున్నెబుడు అనుకొంటి, నన్ను ఎగతాళి జేసినారేమో అని. ఇంగ సాలు. కాళ్లు నొప్పి. నువ్వు పో.”

నేను కొట్టం గడప మీద చాలాసేపు కూర్చున్నాను. ఎత్తుకుపోదామన్నంత ఉక్రోషం వచ్చింది, కాని బలవంతంగా తీసుకుపోయి వేయించే ఓటు ఆమెకు అల్లుడు వేయించిన ఓటు లాంటిదే. అట్టముక్క వెనకాల ఒంటరిగా నిలబడే ఆ కాస్త సేపు ఆమెది. అది ఈసారి ఆమెకు లేకుండా పోయింది. పొద్దు వాలింది, నా కార్యక్రమం వేళకు రేడియోలో పాటలే వచ్చాయి. బడి గేటు మూసే వేళ దాటాక లేచి వచ్చేశాను.

ఆ రాత్రి అధికారి తనే ఫోన్ చేశాడు. మంచి పని చేశారన్నాడు, ఇంకోసారి చేయొద్దన్నాడు. రెండూ ఒకే ఊపిరిలో చెప్పాడు. పెద్దాయన ఫోన్ పెట్టేసి, నీళ్లు తాగి, ఇంటికి పోయాడు.

ఆ ముక్క ఎవరు పంపారో వెతకాల్సిన పని లేకపోయింది. ఒకటి రెండు రోజులకు కుప్పం నుంచి అవ్వ కూతురే ఫోన్ చేసింది. వెనకాల రాయి కోసే మిషను రొద. ఏడుస్తోంది.

“ఈసారి ఓటు యాడ అని గ్రూపులో ఎవురో అడిగిరి మేడం. పోయినసారి రేడియోలో చెప్పింది నా కాడ ఉండె. ఈసారీ ఆడే అనుకొని పంపితి. అమ్మ బడికి పోయి, మళ్లీ ఆస్పత్రికి తిరుక్కోని రాకుండా ఉంటాదని అట్ల జేస్తి.”

ఈ పని చేసినవాడెవడైనా దొరికితే నాలుగు దులపాలని నేను మాటలు కూడా సిద్ధం చేసుకుని ఉన్నాను. ఏ పార్టీవాడో అయి ఉంటాడని అనుకున్నాను. తల్లి కాళ్లు నొప్పి పుడతాయని పంపిన కూతుర్ని ఏమని తిట్టాలి? ఊరుకో తల్లీ అన్నాను. కోపం దించుకోవడానికి చోటు లేక, అలసట మిగిలింది.

ఫలితాలు వచ్చాయి. అంగడాయన టీవీలో కొన్నాళ్లు ఒకే చానెల్ నడిచింది. మా స్టేషన్లో కొత్త పద్ధతి పెట్టాం. ఏ ప్రకటన చదివినా ముందు వారం, తారీఖు, నెల, సంవత్సరం చెప్పాలి, చివర మళ్లీ చెప్పాలి. మేకపోతుకు కూడా. వినేవాళ్లకు అది కోర్టు నోటీసు లాగా ఉందని ఫిర్యాదులు వచ్చాయి. నాకూ అలాగే ఉంది. కానీ చెబుతున్నాను.

అయినా ఫోన్లు తగ్గాయి. తిట్టడానికి ఎవరూ చేయలేదు. తిడితే బాగుండేది. అవ్వ పల్లె నుంచి మేక పోయిందని గాని, ఆవు దొరికిందని గాని ఎవరూ చేయలేదు. ఆ పల్లెలో పశువులన్నీ ఒక్కసారిగా బుద్ధిమంతులయ్యాయని అనుకోవడానికి నేనేం పిచ్చిదాన్ని కాదు. సాయంత్రం “నమస్కారమప్పా, నమస్కారమమ్మా” అన్నప్పుడల్లా, ఆ కొట్టంలో రేడియో ఇంకా వేలాడుతోందా అనిపించేది. అడగడానికి మొహం చెల్లలేదు.

వానలు పడ్డాక, విత్తనాలు వేసే రోజుల్లో, రైతుల మాటలు రికార్డు చేసుకోవడానికి మళ్లీ నిమ్మనపల్లె వైపు పోయాను. పెద్దాయన స్కూటరే. తిరిగి వస్తుంటే వంక గట్టు మీద అవ్వ కనపడింది. చేతిలో తాడు, కాళ్లకు బురద. “దా... దా...” అని కంపచెట్లలోకి పిలుస్తోంది. గొంతు పోయి ఉంది.

బండి ఆపి దిగాను. ఆవు ఎప్పుడు పోయిందని అడిగాను. నిన్నటి నుంచి కనపడలేదంది.

“ఫోన్ చేయాల్సిందవ్వా. రేపు మధ్యాహ్నం రేడియోలో...” అని, రేపు అన్నానని నాకే తట్టి ఆగిపోయాను.

“వద్దులే పాపా” అంది అవ్వ. కోపంగా అనలేదు. “నువ్వు జెప్తే ఆ మాట ఎన్నాళ్లు తిరుగుతాదో. ఆవు దొరికినాక గూడా నా ఆవు పోయిందనే జెప్తాంటారు. నేనే ఎదుక్కుంటాలే.”

బండికి స్టాండు వేసి ఆమె వెంట నడిచాను. ఆమె వద్దనలేదు. ఇద్దరం వంక పొడుగునా పోయాం. ఆమె పిలుస్తోంది, కాసేపటికి ఆ గొంతు అసలు పలకడం మానేసింది. గట్టు మీద కూర్చుండిపోయి, నా వైపు చూడకుండా అంది.

“నువ్వు పిలువు.”

“నేను పిలిస్తే వస్తుందా అవ్వా?”

“ఎన్నేండ్లుగా నీ గొంతు ఇంటాండాది. రోజూ అంటావే, అది అను.”

మైకు లేకుండా, స్తంభం లేకుండా, ఎవరి అనుమతీ లేకుండా ఆ బీడులో నిలబడి అరిచాను. “నమస్కారమప్పా, నమస్కారమమ్మా.” సిగ్గేసింది. అవ్వ ఇంకా గట్టిగా అనమంది. ఇంకా గట్టిగా అన్నాను. దూరంగా చేన్లో విత్తనం వేస్తున్నవాళ్లు తలలెత్తి చూశారు. మూడోసారో నాలుగోసారో అనేసరికి వంక మలుపులో కంపచెట్లు కదిలాయి. ముందు కొమ్ములు, తర్వాత మొహం. ఆవు చెవులు ముందుకు పెట్టి, నిదానంగా, పాలు పితికే వేళ అయిందనుకుందేమో, నేరుగా నా దగ్గరికే నడిచి వచ్చింది.

నాకు ఏడుపొచ్చింది. అవ్వ లేచి తాడు దాని మెడకు వేసి, ఒళ్లంతా తడిమి, గంగడోలు నిమిరింది. నా మొహం చూసి, ఆ వేసవి తర్వాత మొదటిసారి కాస్త నవ్వింది.

“దీనికి ఓటు లేదు గాబట్టి నిన్నింగా నమ్ముతాండాది పాపా” అంది.

తాడు కొస నా చేతికిచ్చి, తను ముందు నడిచింది.